కౌంటరు దగ్గర మొహమాటమెందుకు చెల్లాయ్!

చెల్లెళ్ళూ, ఈసారి మన ముచ్చట జి.కొండూరులో మొదలై డాలస్‌లో తేలుతుంది. నవ్వకండి. కవులూరు, వెలగలేరు, చెవుటూరు, అటు నందిగామ, జగ్గయ్యపేట... మన మెట్టలో ఏ అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చేరినా, ఒకరి కూతురో కోడలో అమెరికాలో ఉండనే ఉంటుంది. పురుటికని వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మల నోట ఈ మధ్య ఒకటే మాట వింటున్నాను. "పిజ్జాలు ముట్టుకోలేదు, బర్గర్ల జోలికి పోలేదు. బయటికెళ్తే మెక్సికన్ హోటల్లో అన్నమూ బీన్సూ తిన్నాను, అంతే. అయినా ఒళ్ళొచ్చింది, షుగరు పెరిగింది. ఇదేం చోద్యం అక్కాయ్?"

వాళ్ళు అబద్ధమాడటం లేదు. అన్నమూ బీన్సూ తిన్నారు. కాకపోతే వాటితో పాటు ప్లేటులోకి ఇంకేమేం వచ్చి చేరాయో లెక్కపెట్టుకోలేదు. ఇవాళ ఆ లెక్కే చూద్దాం.

ముందు, మనవాళ్ళకి మెక్సికన్ తిండి అంతగా ఎందుకు పట్టిందో చెప్పాలి. మన పిల్లలు ఎక్కువగా కాపురముండే డాలస్, దాని చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్ళన్నీ టెక్సాస్ రాష్ట్రంలోవి. 1836 దాకా టెక్సాస్ మెక్సికోలో భాగమే. అందుకే అక్కడ సందు సందుకీ ఒక మెక్సికన్ హోటలు. ఇక మిరపకాయ సంగతి మీకు తెలుసుగా, దాని పుట్టిల్లే మెక్సికో. పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి మన దేశానికొచ్చి గుంటూరు కోడలైంది. టమాటా, మొక్కజొన్న కూడా అటునుంచి వచ్చినవే. మన మైలవరం, తిరువూరు వైపు చేలల్లో పండే మొక్కజొన్న చాలామటుకు కోళ్ళ దాణాకి పోతుంది. అక్కడ దాన్ని సున్నపునీళ్ళలో ఉడికించి, రుబ్బి, రోజూ తినే రొట్టె చేసుకుంటారు. ఆ రొట్టెనే టోర్టియా అంటారు. అన్నం, గింజలు, కారం, కొత్తిమీర, నిమ్మరసం అన్నీ ఒకచోట దొరికితే మన నాలుక ఊరుకుంటుందా? అందులోనూ మాంసం లేకుండా కడుపునిండా తినొచ్చు. శాకాహారులకి అది ప్రాణం లేచొచ్చే చోటు.

ఇప్పుడు కౌంటరు దగ్గరికి వద్దాం. చిపోట్లే అని అక్కడ పెద్ద గొలుసుకట్టు హోటలుంది. 1993లో డెన్వర్‌లో మొదలైంది, ఇప్పుడు అమెరికా అంతా ఉంది. లోపలికి వెళ్తే పొడుగాటి గాజు పలక, దాని వెనక స్టీలు గిన్నెలు వరసగా. చేతికి తొడుగులేసుకున్న అమ్మాయి మొదట మైదా టోర్టియా తీసి, వేడి పెనం మూతలో నొక్కి, వెండికాగితం మీద పరుస్తుంది. అక్కణ్ణుంచి ప్రశ్నలు. అన్నం తెల్లదా, బ్రౌనా? బీన్సు నల్లవా, పింటోనా? చీజ్ వెయ్యనా? సవర్ క్రీమ్? వెనక వరసలో పదిమంది నిలబడి ఉంటారు. మన అమ్మకి ఆ ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది. ఎవరేమనుకుంటారో అని ప్రతిదానికీ "ఎస్, ఎస్" అని తలూపేస్తుంది. ఇంకేముంది, అన్నీ ఆ రొట్టెలో చుట్టిన చంటిపిల్లంత బురిటో చేతిలో పడుతుంది.

మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత మీ అందరికీ తెలుసు, పత్రికలో రాయకూడదు కాబట్టి ఊరుకుంటున్నాను.

తలూపిన ప్రతి ఊపుకీ ఖరీదుంది. ఆ కంపెనీ పోషకాల పట్టిక చూసి చెప్తున్నా, అంకెలన్నీ సుమారుగా. మైదా టోర్టియా ఒక్కటే 320 కేలరీలు. తెల్లన్నం 210. నల్ల బీన్సు 130. వేయించిన క్యాప్సికం, ఉల్లిపాయ 20. టమాటా సల్సా 25. చీజ్ 110, సవర్ క్రీమ్ 110. అవకాడో గుజ్జుతో చేసే గ్వాకమోలే 230. కూడండి. 1155. పక్కన మొక్కజొన్న చిప్సు పొట్లం తీసుకుంటే ఇంకో 540. మొత్తం 1695. మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఒళ్ళు పెద్దగా అలవని 55 కిలోల ఆడమనిషికి రోజు మొత్తానికి 1660 చాలు. అంటే ఒక్క మధ్యాహ్నం భోజనంతో రోజు ఖాతా నిండిపోయి, పైన అప్పు పడింది. సాయంత్రం కాఫీ, రాత్రి పెరుగన్నం ఇంకా తినలేదు.

ఈ జాబితాని ఇంకోసారి చూడండి. కాయగూరలు, సల్సా కలిపి 45. బీన్సు 130, అందులోనే పీచు, మాంసకృత్తులు. మనం ఏరికోరి వెళ్ళింది వీటికోసమే, వీటి తప్పేం లేదు. బరువు చాలామటుకు టోర్టియా, చీజ్, క్రీమ్, చిప్సు దగ్గరే ఉంది. అడిగి వేయించుకున్నవి కాదు, వద్దనలేక వేయించుకున్నవి.

మరేం చెయ్యాలి? టోర్టియా దగ్గరే ఆపెయ్యండి. "బౌల్" అంటే చాలు, గిన్నెలో పెట్టిస్తారు. 320 అక్కడే పోయింది. "హాఫ్ రైస్" అనండి. ఏమీ అనుకోరు, రోజూ వందమంది అడుగుతారు. బీన్సు, వేయించిన కాయగూరలు, టమాటా సల్సా, పైన లెట్యూస్ ఆకు. ఇంతా కలిపి 285 దాటదు. కడుపు నిండదనిపిస్తే కాయగూరలు ఇంకాస్త వేయమనండి. మాంసం తినేవాళ్ళు చికెన్ వేయించుకుంటే ఇంకో 180. చీజ్, క్రీమ్ రెండూ వదులుకోలేకపోతే ఒకటే తీసుకోండి, అదీ తక్కువగా.

"అక్కాయ్, గ్వాకమోలే మంచిదంటారుగా, శాకాహారులకి డబ్బు తీసుకోకుండా వేస్తారు కూడానూ" అని మా చెల్లెలొకతి ఫోనులో అడిగింది. మంచిదే. అవకాడోలో ఉన్నది గుండెకి మేలుచేసే కొవ్వు. మంచి కొవ్వయినా కేలరీ కేలరీయే కదా. అది కావాలంటే చీజ్, క్రీమ్ మానెయ్. అప్పుడు గిన్నె మొత్తం 515 దగ్గర ఆగుతుంది, పూటకి చక్కగా సరిపోతుంది. ఊరికే వచ్చిందని వేయించుకుంటే డబ్బు మాత్రమే మిగులుతుంది.

ఇంకో చోట జాగ్రత్త. "సలాడ్ తీసుకున్నానమ్మా" అని నిశ్చింతగా ఉండకండి. ఆకుల మీద పోసే వినెగ్రెట్ అనే తియ్యటి నూనె రసం ఒక్కటే 220. దాన్ని పక్కన పెట్టించుకుని సల్సాతో కలుపుకోండి. కారానికి కేలరీలు లేనట్టే చెల్లాయ్, అది మనకి దేవుడిచ్చిన వరం. వాళ్ళు క్రీముతో తెచ్చుకునే రుచి మనం మిరపకాయతో తెచ్చుకోగలం. ఉప్పు మాత్రం చూసుకోవాలి. ఆ టమాటా సల్సా ఒక వడ్డనలో 550 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. రోజుకి 2000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పులో ఊరబెట్టిన హాలపీనో మిరప ముక్కల్ని కుప్పగా పోయించుకోవద్దు. నిమ్మబద్ద అడిగి పిండుకోండి.

ఇక కూర్చుని తినే హోటళ్ళు. అక్కడ గండం మెనూ తెరవకముందే వస్తుంది. కూర్చోగానే బుట్టెడు వేడి చిప్సు, గిన్నెడు సల్సా తెచ్చి పెడతారు, చాలాచోట్ల ఉచితం. ఆకలి మీద కబుర్లాడుతూ ఉంటే చెయ్యి దానంతటదే వెళ్తుంది. అల్లుడు, కూతురు, మనవలు అందరూ తింటారు కాబట్టి బుట్ట తేవద్దనడం బాగోదు. పది చిప్సు మీ ప్లేటులోకి తీసుకుని బుట్టని మనవడి వైపు జరపండి. బుట్టలో చెయ్యి పెడితే లెక్క తెలీదు, ప్లేటులో ఉన్నవి కళ్ళకి కనిపిస్తాయి.

మెనూలో పేర్లు చూసి బెదిరిపోనక్కర్లేదు. నాలుగు గుర్తుపెట్టుకోండి చాలు. చిమిచాంగా అంటే బురిటోనే నూనెలో వేయించింది. కేసడియా అంటే రెండు మైదా పొరల మధ్య చీజ్. ఎంచిలాడా మొక్కజొన్న రొట్టెతోనే చేస్తారు గానీ పైనంతా చీజ్ కరిగించి ముంచుతారు. చిలే రెయ్యెనో అంటే పెద్ద మిరపకాయలో చీజ్ కూరి గుడ్డుసొనలో ముంచి వేయించింది. ఇవి పండక్కి. మామూలు రోజున అయితే మెత్తటి మొక్కజొన్న టోర్టియాతో రెండు టాకోలు అడగండి. చిన్న రొట్టె, ఒక్కోటి 60 కేలరీలు ఉంటుందేమో, అంతే. చేపలు తినేవాళ్ళు "గ్రిల్డ్" అని నొక్కి చెప్పండి, చెప్పకపోతే పిండిలో ముంచి వేయించినది వస్తుంది. ఫహీటా కూడా మంచి ఎంపిక. సెగలు కక్కే పెనం మీద కాయగూరలో చికెనో తెస్తారు, రొట్టెలు విడిగా వస్తాయి. రెండు తిని మిగతావి తిప్పి పంపండి. ఒక్క ప్లేటు ఇద్దరికి చాలేంత పెద్దది. "డబ్బులిచ్చి సగం వదిలెయ్యమంటావా?" అంటారు. వదిలెయ్యొద్దు, ముందే బాక్సు అడిగి సగం సర్దేసుకోండి. మర్నాడు మధ్యాహ్నానికి వంట తప్పుతుంది.

శాకాహార చెల్లెళ్ళకి ఇంకో మాట. రీఫ్రైడ్ బీన్సు చూడటానికి ముద్దపప్పులా అమాయకంగా ఉంటాయి గానీ, పాతకాలపు పద్ధతిలో వండేచోట పంది కొవ్వు వేస్తారు. ఎర్రన్నం కొన్ని చోట్ల చికెన్ ఉడికించిన నీళ్ళలో వండుతారు. అడిగి తెలుసుకోండి. బ్లాక్ బీన్సు పలుకుగా ఉడికించినవి అడిగితే కొవ్వూ తక్కువ, మనసుకీ నిమ్మళం.

తాగేదాని మీద ఎవరూ దృష్టి పెట్టరు. మామూలు కోకా కోలా 355 మిల్లీలీటర్ల డబ్బాలో 140 కేలరీలు, 39 గ్రాముల పంచదార. రోజుకి 25 గ్రాములు దాటకూడదని మన పోషకాహార సంస్థ 2024లో వేసిన మార్గదర్శకాల్లో ఉంది. అక్కడేమో గ్లాసు ఖాళీ అయితే మళ్ళీ నింపుకోవచ్చు, ఎన్నిసార్లయినా. హొర్చాటా అని బియ్యం నానేసి, దాల్చినచెక్క వేసి చేసే పానీయం ఒకటుంది. చల్లగా, కమ్మగా ఉంటుంది. పంచదార కూడా బాగానే ఉంటుంది. మనవరాలి గ్లాసులో రెండు గుక్కలు రుచి చూసి, మీకు మాత్రం నిమ్మబద్ద వేసిన మంచినీళ్ళు చెప్పుకోండి.

ఇదంతా అందం కోసం చెప్పడం లేదు. మన ఒంటి తీరే వేరు. తక్కువ బరువులోనే మనకి మధుమేహం పట్టుకుంటుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో, మిగతావాళ్ళకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 25 దగ్గర పెట్టిన షుగరు పరీక్ష హద్దుని ఆసియావాళ్ళకి 23కి దించింది. ఇక్కడ పొలానికో, గుడికో నడిచే కాళ్ళు అక్కడ కారు దిగి సోఫా ఎక్కుతాయి. తిండి మాత్రం రెట్టింపవుతుంది. అయితే షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు నా మాట విని ఒక్కసారిగా అన్నం పూర్తిగా మానెయ్యకండి, షుగరు పడిపోతుంది. ప్రయాణానికి ముందే మీ డాక్టరుగారిని అడిగి వెళ్ళండి.

"మాకు డాలస్సూ లేదు, బురిటోలూ లేవు, మాకెందుకీ గోల" అనుకునే చెల్లెళ్ళు ఉంటారు. మీ పిల్లలు హైదరాబాదు హాస్టల్లో ఉంటే టాకో బెల్ పేరు ఇప్పటికే వినుంటారు. అది లేకపోయినా చిల్లకల్లు, నందిగామ హైవే ధాబా ఉండనే ఉందిగా. అక్కడ మైదా టోర్టియా చేసే పని బటర్ నాన్ చేస్తుంది, క్రీమ్ చేసే పని పనీర్ బటర్ మసాలా చేస్తుంది. తందూరీ రోటీ వెన్న రాయకుండా, పప్పు తాలింపు నూనె తక్కువగా, ఉల్లిపాయ, నిమ్మకాయ, మజ్జిగ. ఇది అడగడానికి ఇంగ్లీషు కూడా అక్కర్లేదు.

అంకెలు గుర్తుండవని బెంగ వద్దు. అమెరికాలో 20 లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్ళన్నీ మెనూ మీద కేలరీలు రాసి తీరాలని 2018 మే నుంచి నిబంధన. మన దేశంలో కూడా 10 లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్ళకి 2022 నుంచి అలాంటి నిబంధనే ఉంది. చీర కొనేటప్పుడు ధర చీటీ తిప్పి చూడందే వదలం. ఆ అంకె కూడా అలాగే చూడండి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి అల్లుడిగారి ముందు నోరు విప్పడం. "అంత ప్రేమగా తీసుకొచ్చాడు, వద్దంటే ఏమనుకుంటాడో" అని. ఏమీ అనుకోడమ్మా. ఇంట్లో బయల్దేరేటప్పుడే కూతురికి చెప్పెయ్యండి, "నాకు గిన్నెలో, సగం అన్నం, చీజ్ వద్దు, కారం బాగా" అని. రెండోసారి వెళ్ళేసరికి అల్లుడే మీ తరఫున చెప్పేస్తాడు. మూడోసారికి తనూ అదే తెప్పించుకుంటాడేమో, వాళ్ళకి మాత్రం షుగరు భయం లేదా ఏమిటి! అడిగితే పోయేదేం లేదు చెల్లెళ్ళూ. అడక్కుండా తిన్నది మాత్రం మన నడుముకే పడుతుంది, దాన్ని కరిగించడానికి అల్లుడు రాడు.