కంట్లో దాగే లింఫోమా: మేనకోడలు అమ్మలుకు అత్త ఉత్తరం

రక్తపు క్యాన్సర్లు కంటిని రెండు రకాలుగా పట్టుకుంటాయి. లుకేమియాలో రోగం రక్తంలో ఉంటుంది, దాని జాడ రెటీనా మీద పడుతుంది. అక్కడక్కడా రక్తపు మరకలు, కొన్నిటికి నడుమ తెల్లచుక్క కనిపిస్తాయి. ఇది త్వరగానే తెలిసిపోతుంది. రెండోది మాయదారిది. కంట్లోని జెల్లీలాంటి విట్రియస్‌లోనూ రెటీనా కిందా లింఫోమా మొదలవుతుంది, ఒంట్లో మరెక్కడా ఏ గుర్తూ ఉండకపోవచ్చు. అమ్మలు పరిశోధనకు ఎంచుకున్న విట్రియోరెటినల్ లింఫోమా ఇదే. చాలామటుకు బి-కణాల రోగం, నడివయసు దాటినవాళ్లకే ఎక్కువ. చాలామందిలో ముందో వెనకో మెదడుకూ పాకుతుంది.

పైకి ఇది యువైటిస్‌లా, అంటే కంటి లోపలి వాపులా కనిపిస్తుంది. చూపు మసకబారుతుంది, కళ్లముందు నలుసులు తేలుతుంటాయి, నొప్పీ ఎరుపూ అంతగా ఉండవు. స్టెరాయిడ్ వేస్తే కొన్నాళ్లు తగ్గి, ఆపగానే తిరగబెడుతుంది. ఆ తగ్గడమే కొంప ముంచుతుంది. స్టెరాయిడ్ లింఫోమా కణాల్లో కొన్నిటిని చంపి, కొన్నిటిని గుర్తుపట్టలేని స్థితికి తెస్తుంది. తర్వాత తీసిన బయాప్సీలో ఏమీ దొరక్కపోవచ్చు. రోగి పరిస్థితి ఒప్పుకుంటే ముందుగానే స్టెరాయిడ్ మానిపించడం అందుకే.

అమ్మలు మొన్న రాసిన ఉత్తరం చదివాక అత్తకు రాత్రి కన్ను మూతపడలేదు. నమూనా శుక్రవారం సాయంత్రం వచ్చిందట, సోమవారం చూశారట, ఏమీ తేలలేదట, ఈ పని తన వల్ల కాదేమో అనిపిస్తోందట. అమ్మలు వల్ల కానిదేముంది? పాడుచేసింది ఆ మూడు రాత్రులు.

కంట్లో విట్రియస్ మొత్తం సుమారు నాలుగు మిల్లీలీటర్లు. సర్జన్ లోపలికి ద్రవం వదలకముందు, పలచబడకుండా తీయగలిగేది దాదాపు ఒక్క మిల్లీలీటరు. అందులో మామూలు టి-కణాలే గుంపుగా ఉంటాయి, అసలు దొంగలు కొద్దిమందే. విట్రియస్ తీసే కట్టర్ జోరెక్కువైతే ఆ లింఫోమా కణాలు చితుకుతాయి, బల్లమీద ఆలస్యమైతే వాటంతటవే శిథిలమవుతాయి. అందుకని సర్జరీ తేదీ ఖాయమైన రోజే ల్యాబ్‌కు కబురు వెళ్లాలి. నమూనాలో సైటాలజీకి ఎంత, ఫ్లో సైటోమెట్రీకి ఎంత, జన్యుపరీక్షకు ఎంత అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. థియేటర్ నుంచి సీసా అందుకునే మనిషెవరో పేరుతో సహా తెలిసుండాలి. స్లైడ్ తయారయ్యేదాకా ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు. మిగతా శాస్త్రమంతా పుస్తకాల్లో దొరుకుతుంది, ఈ గంట మాత్రం దొరకదు.

అత్త ఉద్యోగంలో చేరిన కొత్తలో ల్యాబ్‌లో ఒక పెద్దాయన టెక్నీషియన్‌గా ఉండేవారు. రక్తం చుక్క చేతికొచ్చిందంటే, దాన్ని గాజుపలక మీద పరిచి ఆరబెట్టాకే టీగ్లాసు ముట్టేవారు. కొత్తగా చేరిన ఆడపిల్లలు పొద్దున ఏమైనా తిన్నారా లేదా అని రోజూ ఆరా తీసేవారు కూడా. ఆయనది భీమవరం. 1895లో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది తమ ఊళ్లోనేనని, మైక్రోస్కోపు తుడుస్తూ మురిసిపోయేవారు.

ఆ మురిపెం అమ్మలు పనిదాకా వస్తుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సుబ్బారావు సారథిగా ఉన్నప్పుడే అక్కడ ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులు తయారయ్యాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రచురించారు. 16 మందిలో 10 మంది కొంతకాలం తేరుకున్నారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమైనోప్టెరిన్‌కు అతి దగ్గరి మందు మెథోట్రెక్సేట్. ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమును అడ్డుకుని, కణానికి డీఎన్‌ఏ తయారుచేసుకునే వీలు లేకుండా చేస్తుంది. రక్తంలోని మందు రెటీనా అడ్డుగోడ దాటి సరిగా లోపలికి వెళ్లదు కాబట్టి, 400 మైక్రోగ్రాముల మెథోట్రెక్సేట్‌ను నేరుగా విట్రియస్‌లోకే ఇంజెక్షన్ చేస్తారు. పదేపదే ఇస్తే కార్నియా పైపొర దెబ్బతినవచ్చు. కన్ను కుదుటపడ్డా మెదడు సంగతి ఎంఆర్‌ఐతో చూస్తూనే ఉండాలి.

రోగనిర్ధారణకు ఇప్పుడు వేరే ఆధారాలూ ఉన్నాయి. బి-కణాల లింఫోమా ఇంటర్‌ల్యూకిన్-10ను విడుదల చేస్తుంది, వాపులో ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగుతుంది. మొదటిది రెండోదాన్ని మించితే అనుమానం బలపడుతుంది, అంతవరకే. ఎంవైడీ88 జన్యువులో ఎల్265పీ అనే మార్పు చాలామంది రోగుల్లో కనిపిస్తుంది. కణాలు చితికినా డీఎన్‌ఏ కొంత మిగులుతుంది గనక, సోమవారం తేలని ఆ నమూనాలో ఏమైనా మిగిలి ఉంటే ఈ పరీక్షకు పంపాలి. అలాగని సైటాలజీని నిర్లక్ష్యం చేయకూడదు తల్లీ, కణాన్ని కంటితో చూడటానికి సాటి లేదు.

శుక్రవారం సాయంత్రాలు ఈ బయాప్సీలు పెట్టవద్దని సర్జన్‌ను అడగాలి. అమ్మలు చిన్నదని ఆయన కోప్పడరు, రోగి కోసమే గదా. ప్రతి నమూనా పక్కనా స్టెరాయిడ్ ఆపిన తేదీ, సీసా అందిన వేళ రాయాలి. వచ్చే ఉత్తరంలో ఆ వేళలతోపాటు, తను పొద్దున వేళకు తింటున్నదీ లేనిదీ కూడా రాయాలి.

ఆశీస్సులతో,
అత్త