గద్వాల మగ్గముల యిండ్లు

కృష్ణా తుంగభద్రానదుల నడుమనున్న సీమకు నడిగడ్డ యని పేరు. అందలి గద్వాల పూర్వ మొక సంస్థానము. 20వ శతాబ్దమున దీనిని పాలించి, కవిపండితులను పోషించిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు చరిత్రలో నిలిచినది. కాని ఈ యూరికి దేశమంతట ఖ్యాతి తెచ్చినది నేతచీర.

గద్వాల చీరకు నడిమిభాగము నూలు. అంచును కొంగును పట్టు. నేయునపుడే నూలుపోగును పట్టుపోగును ఒకదానితో నొకటి పెనవైచి కలుపుదురు. అతుకు కనబడరాదు, విడిపోరాదు. దీనినే కుట్టునేత యందురు.

ఈ పని మగ్గముపై మొదలగునది కాదు. దారము తోడుట, రాట్నముపై కండెలు చుట్టుట మున్నగునవి తరతరములుగా ఇంటి స్త్రీలవంతు. మగ్గముపై కూర్చుండి నేయు స్త్రీలును గలరు. కండె లేనిదే నాడె కదలదు. అయినను కూలి లెక్కించునపుడు నేతపనియే లెక్కకు వచ్చును. కండె చుట్టిన శ్రమ తఱచుగా ఇంటిపనిలో కలిసిపోవును. రాణి పేరు వ్రాసిన చరిత్ర వీరి పేర్లు వ్రాయలేదు.

బాలబాలికలారా! చేనేతవస్త్రమును చూచినపుడు దాని యందమును మెచ్చుకొనుడు. పిదప, దీనికి కండెలు చుట్టిన దెవరు, ఆమెకు కూలి ముట్టినదా యని యడుగుడు.