మూడూ మంచి వాక్యాలే... ఏది ఎంచుకోవాలి?

మహానంది వ్యవసాయ కళాశాల విద్యార్థులైనా, నంద్యాలలో డిగ్రీ ముగించినవారైనా, ఆన్‌లైన్ నియామక పరీక్షల్లో వ్యక్తిత్వ విభాగం దగ్గర తడబడే అవకాశముంది. ఉదాహరణకు తెర మీద మూడు వాక్యాలుంటాయి: ‘మొదలుపెట్టిన పని మధ్యలో వదలను’, ‘కొత్తవాళ్లతో ఇట్టే కలిసిపోతాను’, ‘కొత్త పద్ధతులు ప్రయత్నించడం ఇష్టం’. వీటిలో మీకు బాగా నప్పేది ఒకటి, అంతగా నప్పనిది ఒకటి గుర్తించాలి.

ఎందుకిలా అడుగుతారు?

విడివిడిగా అడిగితే చాలామంది అన్నిటికీ ‘అవును’ అనేస్తారు. సమానంగా ఆకట్టుకునే వాక్యాలను పక్కపక్కన పెడితే గొప్పలు చెప్పుకోవడం కష్టం. అయితే ఎంపికలకు పాయింట్లిచ్చి కూడితే అందరి మొత్తమూ ఒక్కటే అవుతుంది. ఒక గుణం పెరిగితే ఇంకొకటి తగ్గాల్సిందే. అలాంటి స్కోర్లతో ఇద్దరిని పోల్చడం సరికాదు.

చిక్కు విప్పిన గణాంకశాస్త్రం

రెండింటిలో ఆ క్షణాన మనసుకు ఎక్కువ అనిపించినదాన్నే మనిషి ఎంచుకుంటాడన్నది 1927లో లూయిస్ థర్‌స్టన్ ప్రతిపాదించిన సూత్రం. దాని మీదే 2011లో అన్నా బ్రౌన్, అల్బెర్టో మైడ్యూ-ఒలివారెస్ కొత్త నమూనా నిర్మించారు. బాగా నప్పేది, అంతగా నప్పనిది గుర్తిస్తే మూడు వాక్యాల వరుస తెలుస్తుంది; దాంతో మూడు జతల పోలికలు దొరుకుతాయి. ఒక్కో జతలో ఏది నెగ్గుతుందన్న సంభావ్యతను అభ్యర్థి గుణాల స్థాయితో ముడిపెడతారు. ప్రశ్నావళి పకడ్బందీగా ఉంటే ఇద్దరిని పోల్చదగిన స్కోర్లు వస్తాయి.

పరీక్ష రాసేవారికి

కంపెనీకి ఏది నచ్చుతుందోనని ఊహించకండి. చదువులో, పొలంలో, ఇంట్లో మీరు నిజంగా ఎలా ఉంటారో తలచుకుని గుర్తించండి. ‘తక్కువ నప్పేది’ అన్నంత మాత్రాన ఆ గుణం మీలో లేదని కాదు.

ఈ రంగంలోకి రావాలంటే

ఇలాంటి పరీక్షలు రూపొందించే శాస్త్రం సైకోమెట్రిక్స్. గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం రెండూ కావాలి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో రెండు విభాగాలూ ఉన్నాయి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో (ఎస్కేయూ) స్టాటిస్టిక్స్ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి గణాంకశాస్త్రంలో ప్రపంచఖ్యాతి పొందారు. సంభావ్యత, రిగ్రెషన్ గట్టిగా నేర్చుకోండి. ఉచితంగా దొరికే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లో ఈ నమూనాలకు ప్యాకేజీలున్నాయి.

తెలుగులో ఇలాంటి పరీక్షలు తయారుచేయడానికి ఇంగ్లిష్ వాక్యాలను తెలుగులోకి మారిస్తే సరిపోదు. అవి మనవాళ్లకూ సమానంగా ఆకట్టుకుంటాయో లేదో మళ్లీ కొలవాలి. సీమ యాస, ఇక్కడి జీవితం తెలిసిన గణాంక విద్యార్థులు ఆ పనికి ఎంతో అవసరం.