అన్నం తిన్న రెండు గంటలకు

పిల్లలారా! తెలుక్ ఇంటాన్ నడిబొడ్డున ఒరిగి నిలిచిన గడియారపు గోపురాన్ని మీరందరూ చూసే ఉంటారు. దానిని 1885లో కట్టారు. లోపల నీటి తొట్టి ఉండేది. నేల మెత్తనిది కావడంచేత ఆ బరువుకు గోపురం ఒక పక్కకు ఒరిగింది. ఒరగడం కంటికి కనబడక మునుపే అడుగున నేల కుంగసాగింది. మధుమేహం కూడా అటువంటిదే.

ఈ వ్యాధి పేరు చూడండి. 'మధు' అనగా తీపి. 'మేహం' అనగా మూత్రం. మలయ్ భాషలో దీనిని 'కెంచింగ్ మానిస్' అంటారు. దాని అర్థమూ 'తీపి మూత్రం' అనే! కాని రక్తంలో చక్కెర బాగా పెరిగిన తరువాతనే అది మూత్రంలో దిగుతుంది. అంతవరకు ఆగడం మంచిది కాదు.

మనం తిన్న అన్నం గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. క్లోమం నుండి వచ్చే ఇన్సులిన్ దానిని కండరాలకు చేరవేయిస్తుంది. ఆరోగ్యవంతులకు రెండు గంటలలో చక్కెర తగ్గిపోతుంది. ఇన్సులిన్ పని మందగించిన వారికి తగ్గదు. అట్టివారిలో కొందరికి పరగడుపు పరీక్షలో అంతా సరిగానే కనబడుతుంది. తిన్న తరువాతనే లోపం బయటపడుతుంది.

అందుచేత వైద్యులు పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీరు తాగించి, రెండు గంటలకు మళ్ళీ రక్తం తీస్తారు. రెండవసారి లీటరుకు 7.8 మిల్లీమోలుల కంటె తక్కువ ఉంటే భయం లేదు. 7.8 నుండి 11.0 వరకు ఉంటే హెచ్చరిక. 11.1 లేక అంతకు మించితే మధుమేహం. వ్యాధి లక్షణాలు లేనివారికి మరొకసారి పరీక్షించి నిర్ధారిస్తారు. ఇంటిలో అన్నం తిన్నాక వేలికొన నుండి చుక్క రక్తం తీసి చూసేది సూచన మాత్రమే. అప్పుడు మొదటి ముద్ద నుండి రెండు గంటలు లెక్కించాలి.

2023 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం మలేసియాలో పెద్దవారిలో 15.6 శాతం మందికి మధుమేహం ఉన్నది. వారిలో ఐదుగురికి ఇద్దరు ఆ సంగతి ఎరుగరు. తెలియకుండానే కళ్ళు, మూత్రపిండాలు, పాదాల నరాలు చెడిపోవచ్చు. హెచ్చరిక దశలోనే తెలుసుకొని రోజూ నడిచి, బరువు తగ్గించుకొని, తీపి తే తారిక్ మానినవారిలో అనేకులు వ్యాధిని దూరంగా ఉంచగలరు.

ఈ పాఠం మీ తాతయ్యకు, అమ్మమ్మకు, అమ్మానాన్నలకు చదివి వినిపించండి. పరీక్ష చేయించుకోనివారిని దగ్గరలోని క్లినిక్ కెసిహాతన్‌కు వెళ్ళమని చెప్పండి.

ప్రశ్నలు
1. 'మధుమేహం', 'కెంచింగ్ మానిస్' అనే పేర్లకు గల పోలిక ఏమి?
2. పరగడుపు పరీక్ష ఒక్కటే ఎందుకు చాలదు?
3. మీ ఇంటిలో ఎవరెవరు ఈ పరీక్ష చేయించుకున్నారో అడిగి తెలుసుకోండి.