లక్ష కిలోమీటర్లు దాటిన స్ప్లెండర్: ఇంజిన్ విప్పే ముందు ఏం కొలవాలి?

మీ ఇంట్లో కూడా లక్ష కిలోమీటర్లు దాటిన పాత బైక్ ఒకటి ఉందా? కాస్త పొగ వస్తోంది, పొద్దున్నే పది కిక్కులు కొడితే గానీ స్టార్ట్ అవ్వట్లేదు, పికప్ పోయింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే వచ్చే సమాధానం దాదాపు ఒకటే: "ఇంజిన్ పనికి వచ్చింది, బోర్ చేయించాలి." నిజంగానే బోర్ అరిగిందా లేదా అన్నది ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. మన ఫోన్ కూడా ఇందులో బాగానే పనికొస్తుంది.

ఉదాహరణకి మా నాన్న స్ప్లెండర్ ప్లస్ తీసుకుంటున్నాను. 2009 మోడల్, మీటర్ మీద 1,12,000 కి.మీ. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు నిండడంతో ఆర్‌సీ రెన్యూవల్ చేయించాల్సి వచ్చింది. రెన్యూవల్ అయితే ఇంకో 5 ఏళ్ళు. అంటే దీని మీద డబ్బు పెట్టాలా, అమ్మేయాలా అని అప్పుడే తేల్చుకోవాలి. నాన్న రోజూ ఖమ్మం వెళ్ళొచ్చేది దీని మీదే. రాత్రి తిరిగొచ్చేటప్పుడు హైవే కూడా ఉంటుంది.

అందుకే మొదటి రూపాయి ఇంజిన్ మీద పెట్టకండి. పొగ వచ్చే ఇంజిన్ మహా అయితే దారిలో ఆగిపోతుంది, బ్రేక్ పడకపోతే మనిషే పోతాడు. మా స్ప్లెండర్‌లో వెనకా ముందూ డ్రమ్ బ్రేకులే ఉంటాయి. బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు ప్లేట్ మీద ఉన్న బాణం చివరి గుర్తు దాకా వచ్చిందంటే బ్రేక్ షూలు అయిపోయినట్టే. డ్రమ్ లోపలి దుమ్ముని ఊదొద్దు, గాలి కూడా కొట్టించొద్దు, తడి గుడ్డతో తుడవండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో 'టక్' మని ఆగినట్టు అనిపిస్తే కోన్‌సెట్ పోయింది. టైర్ పక్కన 4 అంకెలు ఉంటాయి, 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైంది అని. బటన్లు ఎంత బాగున్నా రబ్బర్ గట్టిపడి పగుళ్ళు వచ్చిన టైర్‌ని నమ్మకండి.

చైన్ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. 428 సైజ్ చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి 12.7 మి.మీ. అంటే 20 లింకులు కొత్తప్పుడు 254 మి.మీ. 'చైన్ సాగింది' అంటాం కానీ ఇనుము సాగదు. పిన్నులు, బుష్‌లు అరిగి ఒక్కో లింకులో కొంచెం లూజ్ చేరుతుంది. వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ని వేలితో వెనక్కి లాగితే పన్ను సగం బయటికి కనిపిస్తే, చైన్‌తో పాటు రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చండి. ఒక్క చైన్ మార్చి డబ్బు మిగుల్చుకుందాం అనుకుంటే పాత పళ్ళు కొత్త చైన్‌ని తొందరగా తినేస్తాయి.

ఇప్పుడు ఇంజిన్

ముందు పొగ చూడండి. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, అది కార్బురేటర్ లేదా ఎయిర్ ఫిల్టర్ సంగతి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. కానీ ఎప్పుడు వస్తోంది అన్నదే అసలు పాయింట్. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగిపోతే అనుమానం వాల్వ్ సీల్స్ మీద. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ వస్తూనే ఉంటే అనుమానం పిస్టన్ రింగుల మీద. మన ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడం ఈజీ. మా బండికి పొద్దున పూట మాత్రమే వచ్చేది.

తర్వాత కంప్రెషన్ టెస్ట్. గేజ్ కొనేటప్పుడు 10 మి.మీ. అడాప్టర్ ఉందో లేదో చూసుకోండి, స్ప్లెండర్ ప్లగ్ థ్రెడ్ అదే సైజ్. ఇంజిన్ కాస్త వేడెక్కాక కీ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ముల్లు పెరగడం ఆగేదాకా కిక్ కొట్టండి. యాక్సిలరేటర్ తిప్పకపోతే గాలి లోపలికి సరిగ్గా వెళ్ళదు, రీడింగ్ తప్పు వస్తుంది. మాకు 95 పీఎస్‌ఐ వచ్చింది. తక్కువే.

చాలామంది ఇక్కడే ఆగిపోయి బోర్‌కి ఇచ్చేస్తారు. ఇంకో రెండు నిమిషాల పని ఉంది. ప్లగ్ రంధ్రంలోంచి ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందు మూసేస్తుంది. రీడింగ్ బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెద్దగా పెరగకపోతే గాలి పోయేది వాల్వుల నుంచి, లేదా హెడ్ గ్యాస్కెట్ నుంచి. స్ప్లెండర్‌కి సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి పోసిన ఆయిల్ కిందివైపే చేరుతుంది. గేజ్ పెట్టకముందే నాలుగు కిక్కులు కొట్టి ఆయిల్‌ని అంతా పాకనివ్వండి, అప్పుడు మీ మీద ఎగచిమ్మకుండా ప్లగ్ రంధ్రం మీద గుడ్డ వేయండి. మాకు ఆయిల్ పోశాక వచ్చింది 100. అంటే రింగులు కాదు!

బోరోస్కోప్ కెమెరా గురించి ఈ సైట్‌లో చదివేవాళ్ళకి పరిచయం అక్కర్లేదు. 5.5 మి.మీ. ఉన్నది తీసుకోండి, 8 మి.మీ. అయితే ఈ ప్లగ్ రంధ్రంలో ఇబ్బంది పెడుతుంది. ఆండ్రాయిడ్ అయితే టైప్ సీ చాలు, ఐఫోన్ వాళ్ళు వైఫై మోడల్ చూసుకోండి. పక్కలు చూడ్డానికి తగిలించే చిన్న అద్దం మాత్రం వాడొద్దు, ఊడి సిలిండర్‌లో పడితే హెడ్ విప్పాల్సిందే. పక్కకి కూడా లెన్స్ ఉన్న డ్యూయల్ లెన్స్ కెమెరా మేలు. పిస్టన్‌ని కిందికి దించి గోడలు చూడండి. ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోస్తూ కనిపిస్తే మంచి గుర్తు. పిస్టన్ కదిలే దారిలో నిలువు గీతలు పడి ఉంటే బోర్ మాట నిజమే.

మిగిలింది ట్యాపెట్. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మాగ్నెట్ మీద ఉన్న 'టీ' గుర్తుని ఎదురుకి తెచ్చి, రెండు రాకర్లూ కొంచెం కదులుతున్నాయో లేదో చూడండి. బిగుసుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. అప్పుడు ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. సందు ఎంత ఉండాలో మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి, యూట్యూబ్ కామెంట్ నుంచి తీసుకోకండి. మా బండికి ఏ చుట్టులో చూసినా ఎగ్జాస్ట్ రాకర్ కదల్లేదు, గేజ్‌లో అన్నిటికన్నా పల్చటి రేకు కూడా దూరలేదు.

వాల్వ్, దాని సీటు అరిగేకొద్దీ వాల్వ్ లోపలికి కూరుకుపోతుంది, సందు తగ్గుతూ వస్తుంది. చివరికి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ట్యాపెట్ లూజ్ అయితే టకటకమని చప్పుడు చేస్తుంది కాబట్టి ఎవరైనా పట్టించుకుంటారు. టైట్ అయితే ఇంజిన్ సైలెంట్‌గా, హాయిగా వినిపిస్తుంది, లోపల ఎగ్జాస్ట్ వాల్వ్ కాలుతూ ఉంటుంది. అందుకే పాత బండి చప్పుడు లేకుండా ఉందని సంబరపడకండి.

ట్యాపెట్ సెట్ చేశాక కంప్రెషన్ 140కి వచ్చింది, రెండో కిక్‌కే స్టార్ట్. పొద్దుటి పొగ మాత్రం అలాగే ఉంది, సీల్స్ మార్చాలిగా. కాబట్టి మేం విప్పింది హెడ్ వరకే. సీల్స్, గ్యాస్కెట్ కొత్తవి, వాల్వులకి గ్రైండింగ్ పేస్ట్‌తో లాపింగ్. సిలిండర్, పిస్టన్ జోలికి పోలేదు. స్ప్లెండర్ బోర్ 50 మి.మీ., స్ట్రోక్ 49.5 మి.మీ. నిజంగా అరిగి ఉంటే లేత్ షాపులో కొలిపించి 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్‌కి వెళ్ళొచ్చు. కానీ ఒకసారి కోసిన లోహం తిరిగి రాదు. బాగున్న బోర్‌ని కోయించడం అంటే తర్వాత పనికొచ్చే ఒక ఛాన్స్‌ని ఇప్పుడే వాడేసుకోవడం.

హెడ్ తీసేటప్పుడు ప్రతి నట్టు, వాషర్ ఎక్కడిదో ఫోటో తీయండి. అన్నీ ఒకేలా ఉండవు, కాపర్ వాషర్ ఏ స్టడ్‌దో ఆ స్టడ్‌కే వెళ్ళాలి. టైమింగ్ చైన్ లోపలికి జారకుండా తీగతో కట్టండి. బిగించేటప్పుడు నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తోనే. కిక్ కొట్టే ముందు ఇంజిన్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి టైమింగ్ గుర్తులు మళ్ళీ కలుస్తున్నాయో చూడండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయొద్దు.

ఎలాగూ విప్పాం కాబట్టి రెండు పనులు. ఈ ఇంజిన్‌లో పేపర్ ఆయిల్ ఫిల్టర్ ఉండదు. జాలీ ఒకటి, క్లచ్ వైపు కవర్ లోపల గిరగిరా తిరుగుతూ మడ్డిని అంచుకి చేర్చే డబ్బా ఒకటి ఉంటాయి. ఆయిల్ మార్చినంత మాత్రాన ఆ మడ్డి పోదు, కవర్ విప్పి కడగాల్సిందే. రెండోది, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోల్. పాత బండి రబ్బర్లు దానికోసం చేసినవి కావు, కాబట్టి పెట్రోల్ పైపు, కార్బురేటర్ ఓ రింగులు కొత్తవి వేయండి.

చివరిగా ఐడిల్ సెట్టింగ్. స్ప్లెండర్‌కి ఆర్‌పీఎం మీటర్ లేదు, కానీ ఫోన్ ఉందిగా. సైలెన్సర్‌కి కొంచెం దూరంలో ఫోన్ పట్టుకుని రికార్డ్ చేసి, ఆడియో ఎడిటర్‌లో వేవ్‌ఫామ్ తెరిచి 2 సెకన్లలో ఎన్ని శిఖరాలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ కాబట్టి రెండు చుట్లకి ఒక పేలుడు, అంటే ఆ లెక్కని 60తో గుణిస్తే ఆర్‌పీఎం. 23 వస్తే 1380. ఫోన్‌ని మాత్రం ఇంజిన్‌కి, హ్యాండిల్‌కి బిగించొద్దు. బైక్ వైబ్రేషన్‌కి ఐఫోన్ కెమెరా పాడవ్వొచ్చని ఆపిల్ 2021లోనే చెప్పింది.

500 కి.మీ. తిరిగాక ఆయిల్ మార్చి, చల్లటి ఇంజిన్ మీద ట్యాపెట్ మళ్ళీ చూడండి. లాపింగ్ చేసిన వాల్వులు మొదట్లో కొంచెం సర్దుకుంటాయి. తీసిన పాత ఆయిల్‌ని మురికి కాలవలో పోయకండి, డబ్బాలో పట్టి ఏదైనా గ్యారేజ్‌లో ఇస్తే తీసుకుంటారు.