పాట మధ్యలో ఆగండి

మూడేళ్లొచ్చినా మాటలు రాని బిడ్డ, ఫోన్లో రైమ్ పెట్టగానే కదలకుండా కూర్చుంటే అమ్మానాన్నలకు ఆశ పుడుతుంది. పాటంటే ఇంత ఇష్టం కదా, మ్యూజిక్ థెరపీ ఇప్పిద్దామా అనుకుంటారు. ఇప్పించండి. కానీ ఫోను మీ బిడ్డ కోసం ఆగదు, మీరు ఆగగలరు. ఈ చికిత్సలో పట్టంతా ఆ ఆగడంలోనే ఉంది.

కాళ్లాగజ్జీ ఆట గుర్తు చేసుకోండి. పిల్లలు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. పాట సాగుతుంటే చెయ్యి ఒక్కో కాలినీ తాకుతూ వస్తుంది. తన వంతెప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఆ క్షణంలోనే బిడ్డ మీ మొహంలోకి చూస్తుంది. ఇంట్లో మీరు చేయాల్సిందీ ఇదే. బాగా తెలిసిన పాట పాడుతూ చివరి మాట ముందు ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. తొందరపడి మీరే పూర్తి చేయకండి. ఒక చూపు, ఒక 'ఊ', కాలు కదపడం, ఏదొచ్చినా బిడ్డ తన వంతు అందుకున్నట్టే. వెంటనే పాట కొనసాగించండి. బిడ్డ గిన్నె మీద గరిటెతో కొడితే మీరూ అదే దరువు వెయ్యండి. స్నానం చేయించేటప్పుడు అయిదు నిమిషాలు చాలు. మాదాపూర్ ఆఫీసు నుంచి రాత్రికి మూసాపేట చేరే నాన్న కూడా చేయగలిగినదే. గొంతు బాగోలేదని వెనకాడకండి, బిడ్డకు కావాల్సింది మీ గొంతే.

ఆశకు ఒక హద్దు కూడా పెట్టుకోవాలి. మాటలు ఆలస్యమవడానికి ఆటిజం ఒక కారణం కావచ్చు. మ్యూజిక్ థెరపీ మీద తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లలతో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అయిదు నెలల తరవాత లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2022లో 26 అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష మాత్రం మొత్తంమీద మెరుగయ్యే అవకాశం పెరుగుతుందని చెప్పింది. ఫలితాలు ఇలా కలగలుపుగా ఉన్నాయి కాబట్టి స్పీచ్ థెరపీ మాన్పించి దీనికి పంపకండి. ఇన్ని నెలల్లో మాటలొస్తాయని హామీ ఇచ్చేవాళ్లకు డబ్బు కట్టకండి. భారత పునరావాస మండలి నమోదు చేసే వృత్తుల్లో స్పీచ్ థెరపిస్టులున్నారు, మ్యూజిక్ థెరపిస్టులు లేరు. అందుకే థెరపిస్టు ఎక్కడ నేర్చుకున్నారో, సెషన్లో మిమ్మల్ని పక్కన కూర్చోనిస్తారో లేదో మొహమాటపడకుండా అడగండి.

అన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష చేయించండి. పాటకు తల తిప్పినంత మాత్రాన చెవి పూర్తిగా వినబడుతున్నట్టు కాదు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ (పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు) హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు దూరమేమీ కాదు. బిడ్డ ఎదుగుదలను అక్కడ అంచనా వేయించండి. వైకల్య ధ్రువపత్రం ఉంటే నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంది.

కొందరు పిల్లలకు శబ్దమే బాధ. నిమజ్జనం డీజేకో, బోనాల డప్పుకో చెవులు మూసుకుంటే మొండితనమనుకోకండి. ఇయర్‌మఫ్‌లు పెట్టండి, లేదా అక్కణ్నుంచి తీసుకొచ్చేయండి. మీ పాటకే మూసుకున్నా నొచ్చుకోకుండా ఆపేసి, మర్నాడు ఇంకా మెల్లగా మొదలుపెట్టండి.