నొప్పి చెప్పకముందే ఆగడం

మూడు నెలలు దాటినా తగ్గకుండా ఉండే నొప్పిని, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తుంది. కొత్తగా తగిలిన దెబ్బ నొప్పి శరీరం చేసే హెచ్చరిక కాగా, దీర్ఘకాలిక నొప్పిలో గాయం మానిన తరువాత కూడా నాడీవ్యవస్థ అదే హెచ్చరికను వినిపిస్తూ ఉండవచ్చు. కనుక ఎక్స్‌రేలో ఏమీ కనబడనంత మాత్రాన నొప్పి లేదని తేల్చడం అన్యాయం. ఇంట్లోవాళ్లు ఆ మాట అంటే బాధపడే రోగి, పనికిరాని శరీరమంటూ రోజంతా తనను తానే తిట్టుకోవడాన్ని మాత్రం తప్పుగా ఎంచడు.

బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలోని సల్ల సుత్తం దేహానికి కలిగే వేదనను మొదటి బాణంగా, దానిమీద మనసు పెంచుకునే దుఃఖాన్ని రెండో బాణంగా వివరిస్తుంది. ఎరుక అంటే ఆ రెండో బాణం ఎప్పుడు దిగుతున్నదో గమనించడం. కరుణ అంటే దాన్ని తన చేత్తో తానే గుచ్చుకోకపోవడం. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఈ ఎరుక సాధనను కొన్ని వారాల శిక్షణగా మలిచారు. నడుము నొప్పి ఉన్న 342 మందిపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, మామూలు చికిత్స మాత్రమే పొందినవారి కంటే ఈ శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది రోజువారీ పనుల్లో మెరుగుపడ్డారు. అందరి నొప్పీ మాయమైందని మాత్రం అది చెప్పలేదు. తలనొప్పి పోతుందన్న ఆశతో వచ్చిన, తరువాత తానే ధ్యాన గురువైన ఎస్.ఎన్. గోయెంకాను, కేవలం అందుకోసమైతే విపశ్యన ధ్యానం నేర్పనని గురువు ఉ బా ఖిన్ మొదట నిరాకరించడంలోని ఆంతర్యమూ ఇదే కావచ్చు.

అయితే కళ్లు మూసుకుని చేసే సాధనలాగే మేలు చేయగలిగేది, ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది మరొకటి ఉన్నది: పనిని నొప్పితో కాక గడియారంతో కొలవడం. సంక్రాంతి ముందు ఒక పొద్దున నడుము కాస్త తేలికపడగానే ఇల్లంతా బూజు దులిపి, దుప్పట్లన్నీ ఉతికి, సాయంత్రం అరిసెలకు పాకం పట్టి, మరునాటి నుంచి మూడు రోజులు మంచం దిగలేకపోయే గృహిణులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దీన్ని ఓర్పు అని మెచ్చుకునే బంధువులు ఆ మంచం దగ్గర కనబడరు. ఇది ఓర్పు కాదు, మొండితనం.

కూర్చోవడం, నిలబడటం, నడవడం వంటి వాటిలో ఒకదాన్ని తీసుకుని, నొప్పి పెరగడం మొదలయ్యేలోగా ఎంతసేపు చేయగలుగుతున్నారో మంచి రోజులూ చెడ్డ రోజులూ కలిపి ఒక వారం రాసుకుని, సగటు కట్టి, అందులో అయిదో వంతు తగ్గించాలి. సగటు 20 నిమిషాలైతే గడువు 16 నిమిషాలే. అలారం మోగగానే, నొప్పి లేకపోయినా, చేతిలో పని సగంలో ఉన్నా, ఆగి భంగిమ మార్చాలి. కష్టమంతా ఇక్కడే ఉన్నది, ఎందుకంటే హాయిగా ఉన్న క్షణంలో ఆగడాన్ని మనసు ఓటమిగా లెక్కిస్తుంది. ఈ వ్యాసాన్ని కూడా దీని కర్త అలారం మోగినప్పుడల్లా విసుక్కుంటూనే లేచి రాసిన సంగతి దాచవలసిన పని లేదు. కర్త మెడ నొప్పి అంతకుమించి ఒప్పుకోదు.

తక్కినవి అందరికీ తెలిసినవే: వేళకు నిద్ర, తేలికపాటి నడక, పొగతాగడం మానడం, వైద్యుణ్ణి అడగకుండా మందులు ఆపకపోవడం. కాళ్లలో కొత్తగా తిమ్మిరి, బలహీనత వచ్చినా, మూత్రంపై అదుపు తప్పినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా గడియారాన్ని పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే.

గడువుకు శరీరం అలవాటుపడి, వారం రెండు వారాలు నొప్పి పెరగకుండా గడిస్తే, ఒకటి రెండు నిమిషాలు మాత్రమే కలపాలి. కలిపిన తరువాత నొప్పి తిరగబెడితే పాత గడువుకు వెనక్కి రావచ్చు, అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. పండుగకు సగం ఇల్లే దులిపితే, మిగిలిన సగం ఎవరు దులపాలో ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకోవచ్చు.